చేవకు వాటాదారు: నల్లమల అడవిలో, ఊరి చెట్లపై బ్రాకెట్ శిలీంధ్రాలు

బ్రాకెట్ శిలీంధ్రం చెట్టు మానుకో, పడిపోయిన దుంగకో పక్కగా అతుక్కుని పెరిగే గట్టి గొడుగు. చాలా జాతుల్లో కాడ ఉండదు. ఉన్నా పొట్టిగా, ఒక పక్కకు ఉంటుంది. గోడకు కొట్టిన చెక్క అరలా, సగం కోసిన పళ్ళెంలా ఇది మాను నుంచి బయటికి పొడుచుకొస్తుంది. పుట్ట మీద లేచే పుట్టగొడుగు నాలుగు రోజుల్లో కుళ్ళి నీరుగారిపోతే, ఇది నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అయినా కంటికి కనిపించే ఈ అర శిలీంధ్రం మొత్తం కాదు. మామిడి చెట్టుకు కాయ ఎంతో శిలీంధ్రానికి ఈ గొడుగు అంతే. అసలు శరీరం కట్టె లోపల సన్నని దారాల వలగా పాకి ఉంటుంది. ఆ దారాలను శిలీంధ్రతంతువులనీ, వలను శిలీంధ్రజాలమనీ అంటారు. కట్టెను కరిగించి తినేది ఆ వలే.

యూరప్‌లోని చల్లని బీచ్, బర్చ్ అడవుల్లో ఈ జాతి గొడుగులకు పేరుమోసిన ప్రతినిధి ఫోమెస్ ఫోమెంటేరియస్. గుర్రపు డెక్క ఆకారంలో, బూడిద రంగులో, ఏటా ఒక్కో పొర వేసుకుంటూ అది మాను మీదే ముసలిదవుతుంది. ఆ అడవుల్లో వాన ఏడాదంతా పడుతుంది, చెదలు దాదాపు ఉండవు. అందుకే పడిన మానును మట్టిలో కలిపే పని ఎక్కువగా శిలీంధ్రాలదే. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమలలో, వనపర్తి, గద్వాల మైదానాల్లో లెక్క వేరు. ఇక్కడ ఎండుకట్టెకు నలుగురు వాటాదార్లు: పొయ్యి, కారుచిచ్చు, చెదలు, శిలీంధ్రం. మొదటి ముగ్గురూ వదిలేసిన కట్టె శిలీంధ్రానికి దక్కుతుంది. లేదంటే వారు చేరలేని చోట, అంటే బతికి ఉన్న చెట్టు కడుపులో, అది తన వాటా వెతుక్కుంటుంది.

గొడుగు నిర్మాణం

వానలు ముదిరాక ముసలి చింత మొదట్లోనో, రోడ్డు పక్క తురాయి చెట్టు వేళ్ళ దగ్గరో తరచు కనబడేది గానోడెర్మా. మొదట అది సున్నపు ముద్దలా తెల్లగా ఉబ్బుతుంది. కొద్ది రోజులకు వెడల్పై, మొదలు నుంచి అంచు వైపు ఎర్రగోధుమ, నారింజ, పసుపు పట్టీలు తేలతాయి. పెరుగుతున్నంత కాలం అంచు తెల్లగానే ఉంటుంది. పైభాగం లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలా మెరుస్తుంది. అడుగుభాగం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది గాని, భూతద్దంతో చూస్తే సూదిమొనతో పొడిచినట్టు లెక్కలేనన్ని రంధ్రాలుంటాయి. మామూలు పుట్టగొడుగు కింద పుస్తకం పేజీల్లా మొప్పలుంటే, బ్రాకెట్ శిలీంధ్రాల్లో ఎక్కువ వాటికి ఇలా రంధ్రాలే ఉంటాయి. ప్రతి రంధ్రమూ నిట్టనిలువుగా దిగిన ఒక గొట్టానికి మూతి. గొట్టం లోపలి గోడల మీద సిద్ధబీజాలు పుడతాయి. శిలీంధ్రానికి విత్తనాల పని చేసేవి అవే.

గొట్టం నిలువుగా ఉండాల్సిందే. గోడ నుంచి విడివడిన సిద్ధబీజం దేనికీ తగలకుండా కిందికి జారి గాలిలో కలవాలి, గొట్టం ఏమాత్రం వాలినా గోడకు అతుక్కుపోతుంది. అందుకే గొడుగు భూమ్యాకర్షణను పసిగట్టి, అడుగుభాగం నేల వైపు ఉండేలా పెరుగుతుంది. చెట్టు నిలబడి ఉన్నప్పుడు పుట్టిన గొడుగు, చెట్టు పడిపోయాక పక్కకు తిరిగిపోతుంది. ఇంకా ప్రాణం ఉంటే అది కొత్త పొరను నేలకు సమాంతరంగా మళ్ళీ మొదలుపెడుతుంది. అడవిలో పడి ఉన్న దుంగ మీద ఇలా మలుపు తిరిగిన గొడుగు కనిపిస్తే, చెట్టు పడకముందే శిలీంధ్రం లోపల ఉందని తెలిసిపోతుంది.

సిద్ధబీజాల లెక్క నమ్మశక్యం కానంత పెద్దది. గానోడెర్మా అప్లనేటమ్ అనే జాతిలో ఒక పెద్ద గొడుగు రోజుకు సుమారు 3,000 కోట్ల సిద్ధబీజాలను వదులుతుందనీ, ఈ పని నెలల తరబడి సాగుతుందనీ అంచనా. గాలి లేని రోజు వీటిలో కొన్ని సుడి తిరిగి గొడుగు పైకే చేరతాయి. లక్కలా మెరిసే గానోడెర్మా జాతుల మీద కూడా కాఫీ పొడి చల్లినట్టు గోధుమ రంగు దుమ్ము పేరుకునేది అందుకే. వేలితో తుడిస్తే దుమ్ము పోయి లక్క మెరుపు బయటపడుతుంది. అప్లనేటమ్ గొడుగు అడుగున గోటితో గీస్తే, తెల్లని చోట గోధుమ గీత పడి అలాగే నిలిచిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో కొందరు దాని మీద బొమ్మలు కూడా గీస్తారు.

గొడుగు కట్టెలా గట్టిపడటానికి కారణాన్ని 1932లో ఇ.జె.హెచ్. కార్నర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వివరించాడు. మామూలు పుట్టగొడుగులో ఒకే రకం మెత్తని తంతువులుంటాయి. బ్రాకెట్ శిలీంధ్రాల్లో చాలా వాటిలో వాటికి తోడు మందపాటి గోడలున్న నిట్రాటల్లాంటి తంతువులు, వాటిని అల్లి బిగించే కొమ్మల తంతువులు కూడా ఉంటాయి. గుంజలు పాతి తడిక అల్లినట్టు ఉండే ఈ కట్టుబడి వల్లే గొడుగు ఎండకు ముడుచుకోదు, వానకు చీకిపోదు.

కట్టెలో ఉన్నదేమిటి

వడ్రంగి మానును కోసినప్పుడు మొదట చూసేది చేవ. బెరడు కింద లేతరంగులో ఉండే బయటి కట్టె నీటిని పైకి మోసే భాగం, అందులో కొన్ని జీవకణాలు ఉంటాయి. మధ్యలో ముదురు రంగులో గట్టిగా ఉండే భాగం చేవ. అది చెట్టుకు వెన్నుదన్ను, అయితే అందులో ప్రాణం లేదు. బయటి కట్టె చేవగా మారేటప్పుడు చెట్టు తన కణాల్లో టానిన్లు, నూనెలు, రంగు పదార్థాలు నింపి వాటిని మూసేస్తుంది. సండ్ర చేవను ఉడికించి తీసే కాచు, ఏగిస చేవ నీళ్ళలో వేస్తే దిగే రంగు, టేకు చేవ వాసన ఈ పదార్థాలవే. ఏగిస చేవలో ఉండే టెరోస్టిల్బీన్‌కు శిలీంధ్రాలను అడ్డుకునే గుణం ఉంది. పాతకాలపు ఇళ్ళకు టేకు, ఏగిస, నల్లమద్ది దూలాలు ఏరి పెట్టడంలో, చేవలేని తెల్లచెక్కను చెక్కి పారేయడంలో ఉన్న అనుభవ జ్ఞానం ఇదే. చేవలేని మనిషి అన్న తిట్టు పుట్టింది కూడా ఈ కట్టె నుంచే.

కట్టె బరువులో దాదాపు సగం సెల్యులోజ్. అది చక్కెర అణువులు బారులుగా పేనిన తాడు. ఇంకో పావు వంతు వరకు హెమీసెల్యులోజ్. మిగతాది ఎక్కువగా లిగ్నిన్, ఇది కట్టె బరువులో ఇంచుమించు 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. సెల్యులోజ్ ఇనుప చువ్వలైతే లిగ్నిన్ వాటి చుట్టూ పోసిన కాంక్రీటు. సెల్యులోజ్‌లో ఒకే రకం లంకె మళ్ళీ మళ్ళీ వస్తుంది, దాన్ని తెంచే ఎంజైమ్‌లు కొన్ని దొరికితే చాలు, తాడంతా విప్పవచ్చు. లిగ్నిన్ అణువుకు అలాంటి క్రమం లేదు, లంకెలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఒక తాళానికి ఒక చెవి అన్న పద్ధతి దాని దగ్గర పనిచేయదు. జీవకోటిలో దాన్ని పూర్తిగా విప్పగలిగినవి చాలా తక్కువ. వాటిలో ముఖ్యమైనవి తెల్లకుళ్ళు శిలీంధ్రాలు.

తెల్లకుళ్ళు, గోధుమకుళ్ళు

తెల్లకుళ్ళు శిలీంధ్రం లిగ్నిన్‌ను ఒక్కో లంకె తెంచుతూ కూర్చోదు. పెరాక్సిడేజ్, లక్కేజ్ అనే ఎంజైమ్‌లను బయటికి వదులుతుంది. అవి లిగ్నిన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేస్తాయి. ఎలక్ట్రాన్ పోయిన అణువు నిలకడ తప్పి తనంతట తానే ముక్కలవుతుంది. లక్కేజ్‌ను 1883లో జపాన్‌లో లక్క చెట్టు పాలలో కనుగొన్నారు. లిగ్నిన్ పెరాక్సిడేజ్ సంగతి వందేళ్ళ తర్వాత, 1983లో బయటపడింది. లిగ్నిన్ కరిగాక మిగిలిన కట్టె తెల్లగా, పీచులా, తడిసిన దూదిలా ఉంటుంది. గానోడెర్మా, ఫెల్లినస్, ట్రమేటిస్, తేనెపట్టు గదుల్లాంటి పెద్ద రంధ్రాలున్న హెక్సగోనియా, కుంకుమ ఎరుపులో మెరిసే పిక్నోపోరస్ తెల్లకుళ్ళు జాతులే. ఎండు కొమ్మ మీద దూరం నుంచే కంట పడే ఆ ఎరుపు గొడుగు ఉష్ణమండలమంతటా సాధారణం. మామూలు చెట్టు కట్టెలో, ముఖ్యంగా వెడల్పాటి ఆకుల చెట్లలో, తెల్లకుళ్ళే ఎక్కువ.

గోధుమకుళ్ళు శిలీంధ్రం మరో దారి పట్టింది. అది లిగ్నిన్‌ను కొద్దిగా మార్చి వదిలేసి, సెల్యులోజ్‌ను మాత్రం దోచుకుంటుంది. కణపు గోడలోని సన్నని సందుల్లో ఎంజైమ్‌లు పట్టవు. అందుకని ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి పుట్టించే చురుకైన రసాయన కణాలను ముందుగా లోపలికి పంపుతుంది. 1894లో ఫెంటన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వివరించిన చర్య ఇదే. ఇలా కుళ్ళిన కట్టె గోధుమ రంగులో, నిలువునా అడ్డంగా పగిలి, బెల్లం అచ్చు ముక్కల్లా ఊడివస్తుంది, చేత్తో నలిపితే పొడి అవుతుంది. దేవదారు, పైన్ వంటి సూదిమొన ఆకుల అడవుల్లో ఈ కుళ్ళు ఎక్కువ.

లోపలికి దారి

గాలిలో కోట్ల సిద్ధబీజాలున్నా చెక్కు చెదరని బెరడు మీద అవి ఏమీ చేయలేవు. శిలీంధ్రానికి గాయం కావాలి. నల్లమలలో ఆ గాయం ఎక్కువగా నిప్పు వల్ల వస్తుంది. వేసవిలో ఎండుగడ్డి, ఆకులు అంటుకుని నేలబారుగా సాగే మంట పెద్ద మానును చంపదు. అయితే గాలి వాలున మాను వెనుక పక్క మంట కాసేపు నిలిచి, అక్కడి బెరడు కమిలి ఊడిపోతుంది. మరుసటి వానకు ఆ కమురు చోటే తలుపు. గొడ్డలి గాటు, మేకలకు నరికిన కొమ్మ మొండెం, జిగురు కోసం పెట్టిన గంటు, ఏనుగులు లేని ఈ అడవిలో కొమ్ములు రాసుకునే కణుజు, పిడుగు, ఈదురుగాలికి చీలిన పంగ మిగతా తలుపులు. ఊళ్ళో అయితే రోడ్డు వెడల్పు చేసినప్పుడు తెగిన వేళ్ళు, కరెంటు తీగల కింద ఏటా నరికే కొమ్మలు.

చెట్టు చేతులు ముడుచుకుని కూర్చోదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల మానులను నిలువునా చీల్చి చూసి, 1977లో ఒక నమూనాను వివరించాడు. మనిషి గాయం మానుతుంది, అంటే కొత్త కణాలు పాతవాటి చోట చేరతాయి. చెట్టు గాయాన్ని మాన్పదు, గోడ కట్టి వేరుచేస్తుంది. గాయం పైకీ కిందికీ నాళాలను జిగురుతో మూస్తుంది, లోపలి వైపు, పక్కల వైపు రసాయనాల అడ్డుకట్ట వేస్తుంది. అన్నిటికన్నా బలమైన గోడను గాయం తర్వాత పుట్టే కొత్త కట్టెతో కడుతుంది. శిలీంధ్రం పాత కట్టెను ఎంత తిన్నా ఈ చివరి గోడను దాటడం కష్టం. అందుకే తొర్ర పడిన చెట్టు కూడా పచ్చగా ఉంటుంది. మాను బతుకంతా బెరడు కింది పలుచని పొరలోనే ఉంది, లోపలి చేవ పోయినా ప్రాణానికి వెంటనే వచ్చే ముప్పు లేదు. ముప్పు బలానికి: ఈదురుగాలికి డొల్ల మాను విరుగుతుంది.

తేమ లెక్క

శిలీంధ్రానికి ఆహారం ఎదుటే ఉన్నా నీరు లేనిదే నోరు తెరవదు. ఎంజైమ్‌లు నీటిలో కరిగి పనిచేయాలి. కట్టె పొడి బరువులో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు మొదలు కాదు, 30 శాతానికి మించితే శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది. చాలా జాతులకు 25 నుంచి 32 డిగ్రీల వేడి అనుకూలం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చాలా చోట్ల ఏడాది వాన 500 నుంచి 700 మిల్లీమీటర్ల మధ్యనే. అందులోనూ అత్యధిక భాగం జూన్ నుంచి అక్టోబరు దాకా పడుతుంది. డిసెంబరుకల్లా పడి ఉన్న కొమ్మ ఎండి గలగలలాడుతుంది. వేసవిలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. అంటే బయట పడి ఉన్న కట్టె మీద శిలీంధ్రానికి ఏటా దొరికే పనిదినాలు నాలుగైదు నెలలకు మించవు.

ఈ కొరతకు తగ్గట్టు బతికే జాతుల్లో షైజోఫిల్లమ్ కమ్యూన్ ఒకటి. ఎండు కొమ్మల మీద బూడిద తెలుపు రంగులో, నూగుతో, వేలి గోరంత విసనకర్రల్లా గుంపులుగా కనిపిస్తుంది. దాని కింది మొప్పలు నిలువునా చీలి ఉంటాయి. గాలి పొడిబారగానే చీలిక రెండు పక్కలూ లోపలికి ముడుచుకుని సిద్ధబీజాల పొరను మూసేస్తాయి. వాన తగిలిన కొన్ని గంటల్లో మళ్ళీ విప్పుకుని సిద్ధబీజాలు వదులుతాయి. ఏళ్ళ తరబడి ఎండబెట్టినది కూడా నీరు తగిలితే ప్రాణం పోసుకుంటుంది. ఈ ఒక్క జాతిలో 20 వేలకు పైగా జత రకాలున్నాయి, అంటే ఎదురుపడిన దాదాపు ఏ రెండు దారాలైనా జతకట్టగలవు.

ఇంటి కట్టెలో కుళ్ళు ఎక్కడ మొదలవుతుందో ఈ తేమ లెక్కే చెబుతుంది. నీడన ఉన్న తలుపు, దూలం నడిభాగం తరాలు నిలుస్తాయి. కారే పైకప్పు కింద గోడలోకి దూరిన దూలం కొస ముందు చెడుతుంది, అక్కడ తడి ఆరదు. పొలంలో పాతిన గుంజ పైభాగం ఎండి గట్టిగా ఉంటుంది, లోతున ఉన్న కొస కూడా చాలాకాలం బాగుంటుంది, సరిగ్గా నేలమట్టం దగ్గర పుచ్చి విరుగుతుంది. అక్కడ తడీ గాలీ రెండూ కలుస్తాయి. గుంజ కొసను కాల్చి పాతడం, వాడిన ఇంజిన్ ఆయిల్ పూయడం దీనికి వాడుకలో ఉన్న విరుగుడు. పాలమూరు పల్లెల్లో కంచెకు రాతి కడీలు పాతుకోవడంతో ఆ బెడదే లేకుండా పోయింది.

నీరు లేకపోతే ఎలా కుళ్ళదో, నీరు మరీ ఎక్కువైనా కుళ్ళదు. శిలీంధ్రానికి ఆక్సిజన్ కావాలి, పూర్తిగా మునిగిన కట్టెలో గాలి ఉండదు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ దాటి ఆవలి ఒడ్డుకు వెళితే నంద్యాల జిల్లాలో సంగమేశ్వరం ఉంది. అక్కడి గర్భగుడిలోని శివలింగం రాతిది కాదు, వేపమొద్దుది. శ్రీశైలం జలాశయం నిండినప్పటి నుంచి గుడి ఏటా నెలల తరబడి వెనుక నీటిలో మునిగి ఉంటుంది. నీరు తగ్గిన వేసవిలో బయటపడుతుంది, పూజలు జరుగుతాయి. మునిగి ఉన్నంత కాలం గాలి అందక బ్రాకెట్ శిలీంధ్రాలకు అక్కడ చోటు లేదు. బయటపడే కాలం ఏడాదిలోకెల్లా పొడిది. కుళ్ళుకు అనువైన నడిమి స్థితి, అంటే తడీ గాలీ కలిసి ఉండే రోజులు, ఆ మొద్దుకు ఏటా కొద్దిగానే వస్తాయి.

చెదలతో పోటీ

పుట్టగొడుగు అన్న మాటలోనే ఒక జీవశాస్త్ర పాఠం ఉంది. అది చెదల పుట్ట మీద లేచే గొడుగు. ఎర్రనేలల్లో పుట్టలు పెట్టే ఓడోంటోటర్మిస్ చెదలు కట్టెను తామే పూర్తిగా అరిగించుకోలేవు. నమిలిన కట్టెను పుట్ట లోపల దువ్వెనల్లాంటి దిమ్మెలుగా పేర్చి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. ఆ శిలీంధ్రం లిగ్నిన్‌ను మెత్తబరిచాక చెదలు తింటాయి. తొలకరి వానల తర్వాత పుట్టల మీద లేచే తినదగిన గొడుగులు ఆ సాగు పూతే. అంటే చెదలు తిన్న కట్టె వెనుక కూడా ఒక శిలీంధ్రమే ఉంది. అయితే అది నీడపట్టున, చెదలు కాపాడే తేమలో, ఏడాదంతా పనిచేస్తుంది. బ్రాకెట్ శిలీంధ్రం ఆరుబయట వాన కోసం ఎదురుచూడాలి.

ఈ పోటీలో వేడి చెదల పక్షం. ఆరు ఖండాల్లో 130కి పైగా చోట్ల ఒకే రకం చెక్క ముక్కలు పెట్టి చేసిన అధ్యయనం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చెదలు చెక్కను తినే వేగం 6.8 రెట్లకు పైగా పెరుగుతుందని తేలింది. సూక్ష్మజీవుల పని అంతగా పెరగలేదు. పక్కనే మహబూబ్‌నగర్‌లో ఉన్న పిల్లలమర్రి ఈ పోటీకి అందరికీ తెలిసిన సాక్ష్యం. 700 ఏళ్ళదని చెప్పే ఆ మర్రి కొమ్మలు కూలినప్పుడు ప్రధాన కారణంగా తేలినవి చెదలు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు.

తొర్ర విలువ

బతికిన చెట్టు కడుపులో చెదల కన్నా శిలీంధ్రానిదే పైచేయి. బయటి పచ్చి కట్టె లోపలి తేమను వేసవిలోనూ కాపాడుతుంది కాబట్టి అక్కడ పని ఏడాదంతా సాగుతుంది. ఫెల్లినస్ జాతులు ఇలా పదుల ఏళ్ళు చేవను తిని, నల్లగా మొద్దుబారిన డెక్కలాంటి గొడుగును మాను మీద ఒకటో రెండో చూపుతాయి. వడ్రంగిపిట్ట గట్టి కట్టెను అంత సులువుగా తొలవలేదు. శిలీంధ్రం మెత్తబరిచిన చోటును ముక్కుతో కొట్టి చూసి, అక్కడే గూడు తొలుస్తుంది. అది వదిలిన తొర్రలోకి చిలకలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు చేరతాయి. కొమ్ముకోడి అసలు గూడే కట్టదు, పెద్ద తొర్ర దొరికితేనే ఆడపక్షి లోపల చేరి ముఖద్వారాన్ని పూడ్చుకుని గుడ్లను పొదుగుతుంది. ఉడుములు, తొర్ర తేనెటీగలు కూడా ఈ ఇళ్ళ అద్దెదార్లే. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ముసలి మానులను, పడిన దుంగలను అలాగే వదిలేయడం వల్ల ఈ గొలుసు తెగకుండా సాగుతుంది.

ఊరి చెట్లకు ముప్పు

శిలీంధ్రాలన్నీ చేవతో ఆగవు. గానోడెర్మాలో కొన్ని బతికిన వేళ్ళనూ తింటాయి. చింత, కానుగ, తురాయి, తుమ్మ, సిరిస వంటి ఎన్నో చెట్లకు ఇవి వేరుకుళ్ళు తెస్తాయి. ఒక మొద్దు నుంచి పక్క చెట్టుకు వేళ్ళు తగిలిన చోట పాకుతాయి. కొబ్బరిలో ఇది పెద్ద తెగులు. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో 1952లో మొదట తీవ్రంగా గుర్తించడంతో దానికి తంజావూరు ఎండు తెగులని పేరొచ్చింది. కోస్తా ఆంధ్ర ఇసుక నేలల్లోనూ ఉంది. మాను మొదట్లో పగిలి ఎర్రగోధుమ రంగు బంక కారడం, కింది మట్టలు వాలి ఎండడం తొలి గుర్తులు. గొడుగు కనిపించేసరికి చెట్టు చివరి దశలో ఉంటుంది. చెట్టుకు ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా అనే మిత్ర శిలీంధ్రాన్ని కలిపి పాదులో వేయడం, చచ్చిన మొద్దును వేళ్ళతో సహా పెకలించడం, జబ్బు చెట్టు చుట్టూ కందకం తీయడం, పాదు నుంచి పాదుకు నీరు పారకుండా చూడడం సిఫారసు చేసే జాగ్రత్తలు.

చెట్టు మొదట్లో కనిపించిన గొడుగును నరికేస్తే జబ్బు పోయిందనుకోవడం పొరపాటు. కాయ కోస్తే చెట్టు చావనట్టే, గొడుగు పోయినా లోపలి వల చెక్కుచెదరదు. నరకడం కన్నా చెట్టును తట్టి చూడడం మేలు. గట్టి కట్టె మీద సుత్తితో కొడితే మొద్దు శబ్దం వస్తుంది, డొల్ల మాను డప్పులా మోగుతుంది. మొదలు చుట్టూ గొడుగులు, తట్టిన చోట డొల్ల శబ్దం, ఒక పక్కకు వాలు, ఈ మూడూ కలిస్తే బడి ముందో బస్టాండు దగ్గరో ఉన్న చెట్టు గాలివానకు కూలే ప్రమాదం ఉంది. ఈ మధ్య ఏళ్ళలో తెలంగాణ అంతటా వేప చెట్ల కొమ్మల కొసలు మాడిపోయిన జబ్బు దీనికి సంబంధించింది కాదు. అది ఫోమోప్సిస్ అనే మరో శిలీంధ్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు. అందులో చేవ కుళ్ళదు, చాలా చెట్లు తిరిగి చిగురించాయి.

లిగ్నిన్‌కు తాళం తీసిన కాలం

చెట్లు లిగ్నిన్‌ను తయారుచేయడం నేర్చిన తర్వాత ఎంతో కాలానికి గాని దాన్ని పూర్తిగా విప్పే శిలీంధ్రాలు రాలేదు. అనేక శిలీంధ్రాల జన్యువులను పోల్చి చూసిన 2012 నాటి అధ్యయనం, లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ల పుట్టుకను సుమారు 29 కోట్ల ఏళ్ళ కిందటిదిగా లెక్కకట్టింది. అంతకుముందు కుళ్ళని మానులే పేరుకుని ప్రపంచంలోని పెద్ద బొగ్గు నిల్వలయ్యాయన్న ఊహకు ఇది బలమిచ్చింది. అయితే బొగ్గు అంతటితో ఆగిపోలేదు. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ గుర్తించిన సింగరేణి బొగ్గు పెర్మియన్ యుగానిది, అంటే ఆ ఎంజైమ్‌లు పుట్టిన కాలానికి ఇంచుమించు సమకాలీనమో తర్వాతదో. కుళ్ళించే శిలీంధ్రాలు ఉన్నా, నీట మునిగిన చిత్తడిలో గాలి అందక మానులు బొగ్గయ్యాయి. సంగమేశ్వరం వేపమొద్దుకు వర్తించే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. అందుకే బొగ్గుకు శిలీంధ్రాల లేమి కన్నా చిత్తడి నేలలు, కుంగే లోయలే ముఖ్య కారణమని వాదించేవారూ ఉన్నారు.

మనిషి చేతిలో

1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ళ కిందటి మనిషి శవం దగ్గర రెండు బ్రాకెట్ శిలీంధ్రాలు కనిపించాయి. ఒకటి ఫోమెస్ ఫోమెంటేరియస్, దాని లోపలి మెత్తని పొర నిప్పురవ్వను పట్టి నెమ్మదిగా రగులుతుంది. రెండోది బర్చ్ చెట్టు గొడుగు, అది మందు కోసమై ఉండవచ్చని అంచనా. తెలుగునాట చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టి దూదిలో రవ్వ పట్టేవారు. దూది చేసిన ఆ పనిని చల్లని దేశాల్లో గొడుగు చేసింది. చైనా, జపాన్ వైద్యంలో గానోడెర్మాకు పెద్ద పేరుంది. దాని పొడి, మాత్రలు ఇక్కడి మార్కెట్‌లోకీ వచ్చాయి. వాటిని జబ్బులు నయం చేసే మందుగా నిరూపించే బలమైన ఆధారాలు లేవు. పైగా ఆసియాలో మందుకు వాడే జాతికి, ఇంగ్లండ్‌లో 1781లో పేరు పెట్టిన గానోడెర్మా లూసిడమ్‌కు తేడా ఉందని తర్వాత తేలింది. ఊరి చింతకు మొలిచినది ఏ జాతో చూపుతో చెప్పడం కుదరదు, దాన్ని కషాయం పెట్టుకోవడం తగదు. తెల్లకుళ్ళు శిలీంధ్రాల లక్కేజ్‌కు మాత్రం పరిశ్రమల్లో స్థిరమైన చోటుంది. జీన్స్ రంగు తేల్చడానికి వాడుతున్నారు, బట్టల రంగు నీటిని శుభ్రం చేయడంలో పరీక్షిస్తున్నారు.

భారతదేశంలో ఈ శిలీంధ్రాలను శ్రద్ధగా పరిశీలించినవారిలో కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో పనిచేసిన సహాయరామ్ బోస్, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు చెందిన బి.కె. బక్షి ముఖ్యులు. చెట్లపై, కలపపై పెరిగే భారతీయ పాలీపోర్ల, అంటే అడుగున రంధ్రాలుండే శిలీంధ్రాల గురించి బక్షి రాసిన గ్రంథం 1971లో వెలువడింది. గొడుగు దొరికిన చెట్టు పేరు, బతికినదా చచ్చినదా, మొదలా కొమ్మా, కుళ్ళు తెల్లదా గోధుమదా అన్న నాలుగు వివరాలు లేనిదే నమూనాకు విలువ లేదన్నది ఈ శాస్త్రంలో మొదటి నియమం.

ఎండుకట్టె లెక్కలో నలుగురు వాటాదార్ల పద్దు ఒకటి కాదు. పొయ్యిలో, కారుచిచ్చులో కాలిన కట్టె గంటల్లో పొగై పోతుంది, మిగిలే బూడిదలో మట్టికి చేరేది కొద్ది ఖనిజమే. చెదలు తిన్నది పుట్టలోకి చేరుతుంది. బ్రాకెట్ శిలీంధ్రం తిన్నది ఏళ్ళ మీద కరుగుతూ, ఆ కాలమంతా నీటిని పట్టి ఉంచే దూది దుంగగా, పురుగులకు ఇల్లుగా, పక్షులకు తొర్రగా నిలిచి, చివరికి నల్లని మెత్తని మట్టిగా మిగులుతుంది. కట్టెపుల్ల నేల మీద నిలవని వనపర్తి, గద్వాల మైదానాల్లో ఆ మట్టి తయారవడం అరుదు. అక్కడ శిలీంధ్రానికి మిగిలినవి ముసలి చింతల చేవ, నరికిన మొద్దుల వేళ్ళు. దుంగ పడిన చోటే పడి ఉండే నల్లమల లోతట్టులోనే దానికి పూర్తి వాటా దక్కుతుంది.